చేతికి చిక్కినవాడి గురించి రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ నవల ఫైలు ఫోన్‌లో చదవడం నా కళ్లకి కుదరక, గవర్నర్‌పేటలో ప్రింటు తీయించుకుని చదివాను. 112 పేజీలు, రెండు రాత్రులు. రెండో రాత్రి కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని మరీ పూర్తి చేశాను, కాబట్టి నీకు చదివించే చెయ్యి ఉందా లేదా అన్న అనుమానం ఇవాళ్టితో వదిలెయ్. "మాస్టారూ, ఎక్కడో ఏదో తేడాగా ఉంది, ఏంటో పట్టుకోలేకపోతున్నా, టెన్షన్‌గా ఉంది" అని రాశావు చూడు, ఆ మాట నిజం. తేడా ఉంది. అదేంటో నాకు తోచినంత వరకు చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మీ అన్నయ్య దగ్గరికి అట్లాంటా వెళ్లినప్పుడు ఆండర్సన్‌విల్ (అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదివాళ్లు ఉత్తరాది సైనికులని బంధించిన చెర) చూశానని, అక్కడ సమాధి రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయని, శవాలని భుజానికి భుజం తగిలేలా కందకాల్లో పూడ్చబట్టి రాళ్లూ అలాగే వచ్చాయని అక్కడివాళ్లు చెబితే ఆ రాత్రి నీకు నిద్ర పట్టలేదని మొదటి పేజీలో రాశావు. ఆ పేజీ ముట్టుకోకు. బ్రాడీపేటలో పుట్టి పెరిగిన పిల్లకి 160 ఏళ్ల కిందటి అమెరికా అంతర్యుద్ధంతో పనేంటి అని ఎవరైనా అడిగితే ఆ పేజీ చూపించు, చాలు.

ఇబ్బంది రెండో పేజీ నుంచి. అక్కడ "నరకం" అన్నావు, ఇక చివరిదాకా ఆ మాట వదల్లేదు. పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ వెళ్తే 23 వచ్చాయి. నరకం అంటే చిన్నప్పుడు గోడ మీద చూసిన యమలోకం పటం గుర్తొస్తుంది గానీ ఆ చెర కళ్లకు కట్టదు. చోటు ఎంతో చెప్పు. మనవాళ్లకి ఎకరాలు, సెంట్లు చెబితే ఇట్టే తెలుస్తుంది. 1864 ఫిబ్రవరిలో ఆ చెర తెరిచినప్పుడు దుంగల గోడ లోపల 16.5 ఎకరాలు, 10,000 మంది కోసం కట్టింది. జూన్‌లో 26.5 ఎకరాలకు పెంచారు. ఆగస్టుకి లోపల దాదాపు 33,000 మంది. అంటే సెంటుకి పన్నెండు మందికి పైన. మీ ఇంటి వెనక సెంటున్నర స్థలంలో కట్టిన ఇల్లు ఉంది కదా, ఆ స్థలంలో పద్దెనిమిది మందిని, పైన కప్పు లేకుండా, దుప్పటి ఉన్నవాడు దుప్పటి కట్టుకుని, లేనివాడు నేలలో గుంట తవ్వుకుని, జార్జియా ఎండలో ఊహించుకో. చుట్టూ పైన్ అడవి. కప్పు వేయడానికి కలప అక్కడే ఉంది, వేయలేదు. గోడకి లోపల 19 అడుగుల దూరంలో ఒక సన్నటి కర్ర కంచె కట్టి, దాన్ని దాటినవాణ్ణి పైనుంచి కాపలావాడు కాల్చేసేవాడు. దాని పేరు డెడ్‌లైన్. ఆఫీసులో నువ్వు రోజూ వాడే ఆ మాట ఆ యుద్ధపు చెరల్లో పుట్టిందే.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. చెర మధ్యలోంచి ఒక చిన్న వాగు పారేది. తాగడానికీ అదే, కడుక్కోవడానికీ అదే, దిగువకి వెళ్తే దొడ్డీ అక్కడే. ఎగువన, గోడ బయట, కాపలా సైనికుల గుడారాలూ వంటశాలా ఉండేవి, వాళ్ల మురికీ వంటశాల జిడ్డూ కలిసిన నీళ్లే లోపలికి వచ్చేవి. బెజవాడలో కాలవగట్ల పక్కన ఇన్నేళ్లు బతికాను గనక ఎగువ, దిగువ అన్న రెండు మాటల మధ్య ఎంత బతుకు ఉంటుందో నాకు తెలుసు. ఎగువ నుంచి ఎవడు ఏం వదిలితే దిగువవాడు అదే తాగాలి. నువ్వు ఈ వాగుని "కలుషితమైన నీరు" అని రెండు మాటల్లో దాటేశావు. ఆగస్టులో పెద్ద వాన పడ్డాక లోపల ఒక ఊట పైకి వచ్చింది, ఖైదీలు దాన్ని దేవుడి దయగా తలిచి ఆ పేరే పెట్టుకున్నారు. దానికీ నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. ఆ మొదటి రోజు ఎవడు ముందు తాగాడు, ఎవడు లేవలేని దోస్తుకి టోపీలో పట్టుకెళ్లాడు, అది నువ్వు ఊహించాల్సిన చోటు. కల్పన అక్కడ పెట్టు.

తిండి, జబ్బులు నువ్వు బాగానే రాశావు. కండెతో సహా మర పట్టిన మొక్కజొన్న పిండి, దానివల్ల పేగులు కోసుకుపోవడం, కూరా పండూ లేక చిగుళ్లు కుళ్లే స్కర్వీ, అవి అలాగే ఉంచు. ఆగస్టు ఒక్క నెలలో దాదాపు 3,000 మంది పోయారన్న సంగతి ఎక్కడో చివర్లో పెట్టావు, ముందుకు తీసుకురా.

ఈ పట్టింపు నాకు ఒక పెద్దాయన నేర్పాడు. నాకు ముప్పై ఏళ్లప్పుడు, యుద్ధంలో పట్టుబడ్డ సైనికుల మీద రాసిన కథ ఒకటి వారపత్రికలో వచ్చింది. మంచి పేరొచ్చింది, ఉత్తరాలొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున తెనాలి దగ్గర పల్లె నుంచి రిటైర్డ్ సుబేదారు ఒకాయన పంచె కట్టుకుని, పత్రిక చంకలో పెట్టుకుని, మొగల్రాజపురంలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఖైదీలు దొడ్డికి ఎక్కడికెళ్తారండీ?" నా దగ్గర జవాబు లేదు. "పోనీ సాయంత్రం లెక్క ఎవరు పెట్టారు?" దానికీ లేదు. 1971 డిసెంబరులో ఢాకాలో లొంగిపోయిన పాకిస్తాన్‌వాళ్లని, సైనికులూ మామూలు జనమూ కలిపి సుమారు 93,000 మందిని మన దేశంలో క్యాంపుల్లో ఉంచారు కదా, అందులో ఒక క్యాంపులో ఆయన కాపలా డ్యూటీ చేశాడట. రెండు గంటలు చెప్పాడు. లెక్క ఒక్కటి తక్కువొస్తే రాత్రంతా ఎవరికీ కునుకు ఉండదని, ఉత్తరాలు పంచే రోజున తన పేరు పిలవనివాడు ఆ పూట పళ్లెం ముట్టేవాడు కాదని, వాణ్ణి చూడలేక తను కంచె అవతల చెట్టుకేసి చూస్తూ నిలబడేవాడినని. వాళ్ల మీద కోపం ఉండేది కాదా అని అడిగాను. "చేతిలో తుపాకీ ఉన్నప్పుడు ఉందండీ. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాక ఎక్కడ తెచ్చుకోవాలో తెలియలేదు" అన్నాడు. ఆ కథని ఆ తర్వాత నేను ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

ఆయన కాపలా కాసినవాళ్లకి ఒక హోదా ఉంది. రెండు దేశాల మధ్య యుద్ధం, 1949 జెనీవా ఒప్పందాలు వర్తిస్తాయి, ఇంటికి ఉత్తరం రాసుకునే హక్కు ఉంది, యుద్ధం అయ్యాక తిరిగి పంపాల్సిన బాధ్యత ఉంది, 1974 కల్లా వెళ్లిపోయారు కూడా. అంతర్యుద్ధంలో పట్టుబడ్డవాడి సంగతి వేరు, నీ పుస్తకం తడబడింది సరిగ్గా ఇక్కడ. నువ్వు మొదటి పేజీ నుంచీ "యుద్ధఖైదీలు" అని రాసుకుంటూ పోయావు, ఆ పేరు వాళ్లకి ఎవరో ముందే ఇచ్చేసినట్టు. గొడవంతా ఆ పేరు దగ్గరే కదా తల్లీ. తన మీద తిరగబడ్డవాణ్ణి ఏ ప్రభుత్వమైనా ద్రోహి అంటుంది, దొంగ అంటుంది. యుద్ధఖైదీ అంటే అవతలిది కూడా ఒక ప్రభుత్వం అని ఒప్పుకున్నట్టవుతుందని భయం. దక్షిణాది రాష్ట్రాలు తిరగబడితే, ఉత్తరాదిలో లింకన్ ప్రభుత్వానికి ఉన్నదీ అదే భయం. 1861లో సముద్రం మీద పట్టుబడ్డ దక్షిణాది ఓడవాళ్లని సముద్రపు దొంగలుగా కోర్టులో నిలబెట్టి ఉరి వేస్తామంటే, దక్షిణాదివాళ్లు తమ దగ్గరున్న ఉత్తరాది ఆఫీసర్ల పేర్లు చీటీల మీద రాసి, తీశారు. మీరు మావాళ్లని ఉరి తీస్తే ఈ చీటీల్లో వచ్చినవాళ్లని మేం ఉరి తీస్తాం అని. చివరికి అటూ ఇటూ ఎవరినీ ఉరి తీయలేదు, ఓడవాళ్లని ఖైదీలుగానే చూశారు. ఆ చీటీలు తీసిన గదిలో నీకు ఒక అధ్యాయం ఉంది. చీటీలో తన పేరు వచ్చినవాడి ముఖం, రానివాడి ముఖం.

1862 జులై 22న దక్షిణాది తరఫున హిల్ అనే జనరల్, ఉత్తరాది తరఫున డిక్స్ అనే జనరల్ సంతకాలు పెట్టి ఖైదీల మార్పిడి ఒప్పందం చేసుకున్నారు. సైన్యాల మధ్య ఒప్పందం అన్నమాట, ప్రభుత్వం ప్రభుత్వాన్ని గుర్తించినట్టు కాకుండా. అందులో ధరల పట్టీ ఉంది. సార్జెంటుకి ఇద్దరు సిపాయిలు, కెప్టెన్‌కి 6, కల్నల్‌కి 15, సర్వసేనానికి 60. మిర్చి యార్డులో రకాన్ని బట్టి రేటు కట్టినట్టు మనుషులకి కట్టారు. వినడానికి ఘోరంగానే ఉంటుంది. అయినా ఆ పట్టీ నడిచినన్నాళ్లు మనుషులు ఇళ్లకు చేరారు, అది ఆగిపోయాక చెరలు నిండాయి. ఆండర్సన్‌విల్ అనే ఊరు ఎవరికైనా తెలిసిందంటే ఆ పట్టీ చిరగబట్టే.

ఎందుకు చిరిగిందో నీ పుస్తకంలో లేదు. నాకు బాధ కలిగించింది ఇదే. 1863 నుంచి ఉత్తరాది సైన్యంలో నల్లజాతి సైనికులు పెద్ద సంఖ్యలో చేరారు. వాళ్లు పట్టుబడితే ఖైదీలుగా చూడం, పారిపోయిన బానిసలుగా చూస్తాం, వాళ్లని నడిపించే తెల్ల ఆఫీసర్లని శిక్షిస్తాం అంది దక్షిణాది. మార్పిడిలో ఆ సైనికులని కలపం అంది. అందరినీ ఒకేలా చూస్తే తప్ప మార్పిడి లేదంది ఉత్తరాది. 1863 జులై 30న లింకన్ ఉత్తర్వు ఇచ్చాడు, యుద్ధ నియమాలకి విరుద్ధంగా మా సైనికుణ్ణి చంపితే మీ సైనికుణ్ణి చంపుతాం, బానిసగా అమ్మితే మీవాడితో బండచాకిరీ చేయిస్తాం అని. తర్వాతి ఏడాది ఏప్రిల్ 12న టెనెస్సీలో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికులని నరికి, కాల్చి చంపారు. వాళ్లకి చెర కూడా దక్కలేదు. దీనికి ఇంకో పక్క కూడా ఉంది, అది దాచకు. 1864 ఆగస్టులో జనరల్ గ్రాంట్ రాశాడు, దక్షిణాది చెరల్లో మగ్గుతున్న మనవాళ్లకి ఇది కష్టమే, కానీ మార్చుకుంటే అవతలివాడు మళ్లీ తుపాకీ పట్టుకుని వస్తాడు, మార్చుకోకపోవడమే రణరంగంలో ఉన్నవాళ్లకి దయ అని. అంటే ఒక న్యాయమైన పట్టుదలా, ఒక సైనిక లెక్కా రెండూ కలిసి ఆ తలుపు మూశాయి. లోపల ఉన్నవాడికి ఈ రెండిట్లో ఏది ఎంతో ఎలా తెలుస్తుంది? వాడికి తెలిసింది బండి రాలేదని. ఆండర్సన్‌విల్‌లో కొద్దిమంది నల్లజాతి సైనికులు కూడా ఉన్నారు, ఫ్లోరిడాలో ఒలస్టీ యుద్ధంలో పట్టుబడ్డవాళ్లు. "వీళ్ల వల్లే కదా మనం ఇక్కడ చస్తున్నాం" అని పక్కనున్న తెల్ల ఖైదీ ఒకడు అనుకుని ఉంటాడా, ఉండడా? ఆ ప్రశ్న నీ నవల ప్రాణం. నీ 112 పేజీల్లో ఒక్క నల్లజాతి సైనికుడు లేడు.

ఇంకో మనిషి కూడా నీకు పనికొస్తాడు. ఫ్రాన్సిస్ లీబర్ అని జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరు. 1863 ఏప్రిల్ 24న ఉత్తరాది సైన్యానికి జారీ అయిన యుద్ధ నియమావళి ఆయన రాసిందే. 157 నియమాలు. శత్రువు అయినందుకు ఖైదీని శిక్షించకూడదు, ఆకలి పెట్టి, అవమానించి, హింసించి కక్ష తీర్చుకోకూడదు అని అందులో ఉంది. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఇద్దరు ఉత్తరాదికి పోరాడారు, అందులో ఒకడికి చెయ్యి పోయింది. మూడోవాడు దక్షిణాది వైపు పోరాడి గాయాలతో చనిపోయాడు, ఆ నియమావళికి ముందటేడాది. ఖైదీ మీద కక్ష వద్దు అని ఆ తండ్రి కాగితం మీద పెట్టేటప్పుడు ఆ గదిలో ఏముందో మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఇవాళ్టి చట్టంలో కూడా అంతర్యుద్ధంలో పట్టుబడ్డవాడికి యుద్ధఖైదీ హోదా లేదు, తెలుసుకో. జెనీవా ఒప్పందాలు నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం ఒక్కటే వాడికి గొడుగు. చంపకూడదు, హింసించకూడదు, బందీగా పెట్టి బేరం ఆడకూడదు, అవమానించకూడదు, సరైన కోర్టు లేకుండా శిక్ష వేయకూడదు. ఆయుధం పట్టినందుకు కేసు పెట్టొచ్చు, అది అడ్డుకోదు.

అవమానం అన్న మాట దగ్గర నాకు మా అమ్మమ్మ చెప్పిన అశ్వత్థామ కథ గుర్తొస్తుంది. నిద్రపోతున్న ద్రౌపది కొడుకుల గొంతులు కోసినవాణ్ణి అర్జునుడు పశువుని కట్టినట్టు కట్టి ఆమె ముందు పడేస్తాడు. ఆమె వాణ్ణి చూసి, నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కూడా ఏడవాలా, విడిచిపెట్టండి అంటుంది. భీముడు చంపాలంటాడు. చివరికి కృష్ణుడి సలహాతో చంపరు, జుట్టు గొరిగి, తలలో మణి పెరికి తరిమేస్తారు. చిన్నప్పుడు నేను ద్రౌపది మాట దగ్గరే ఆగిపోయేవాణ్ణి. పెద్దయ్యాక ఆ గొరిగిన జుట్టు దగ్గర ఆగుతున్నాను. అన్నదమ్ముల యుద్ధం కదా, వదిలెయ్యలేరు, చంపలేరు, ఏదో ఒకటి చేసి తీరాలి. అంతర్యుద్ధంలో ప్రతి చెర దగ్గరా ఈ నలుగురూ ఉంటారు, కట్టి తెచ్చినవాడు, కొడుకులు పోయిన తల్లి, చంపుదామనేవాడు, మధ్యే దారి చెప్పేవాడు. నీ పుస్తకంలో భీముడు ఒక్కడే ఉన్నాడు.

ఇప్పుడు కటువుగా ఒక మాట, ఏమీ అనుకోకు. చెర కమాండరు హెన్రీ విర్జ్‌కి నువ్వు పాము కళ్లు పెట్టావు, వికారమైన నవ్వు పెట్టావు, చివర్లో 1865 నవంబరు 10న వాషింగ్టన్‌లో వాణ్ణి ఉరి తీయడం మూడు పేజీలు రాశావు, మెడ వెంటనే విరగలేదని, చుట్టూ సైనికులు "ఆండర్సన్‌విల్ గుర్తుంచుకో" అని అరిచారని, కాళ్లు ఎంతసేపు కొట్టుకున్నాయో కూడా. ఆ మూడు పేజీలు రెండుసార్లు చదివాను. ఆ మూడు పేజీల్లో విర్జ్ ఖైదీ. చేతులు కట్టేసి ఉన్నాయి, నీ చేతికి చిక్కాడు, నువ్వు వాణ్ణి ఏం చేశావో ఒకసారి మళ్లీ చదువుకో. వాడు మంచివాడని నేను చెప్పడం లేదు. ఖైదీలకి గుండ్లు సంకెళ్లు వేయించాడు, పారిపోయినవాళ్ల మీదకి కుక్కలని వదిలారు, వాడి కింద దాదాపు 13,000 మంది చనిపోయారు. ఆ పక్కనే ఇవీ రాయాలి. విచారణలో నిలబడలేక సోఫా మీద పడుకుని ఉండేవాడు, ఒక చెయ్యి గాయంతో పనికిరాకుండా పోయింది, రొట్టె బాగాలేదని పైవాళ్లకి రాశాడు, మార్పిడి మళ్లీ మొదలుపెట్టమని ఖైదీలు రాసుకున్న అర్జీ పట్టుకుని ఐదుగురు ఖైదీలు వాషింగ్టన్ వెళ్లడానికి ఒప్పుకున్నాడు, ఆ అర్జీ ఫలించలేదు. విర్జ్‌ని ఉరి తీశారు. కలప ఉండీ కప్పు వేయించనివాళ్లు, బండ్లు ఆపినవాళ్లు, తిండి పంపనివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో నీ పుస్తకం వెతకలేదు, ఎందుకంటే పాము కళ్లవాడు ముందే దొరికాడు.

ఇలాగే ఇంకో పని చేశావు, ఈసారి ప్రేమతో. ఖైదీలందరినీ మంచివాళ్లని చేశావు. రైడర్స్ ముఠా సంగతి నీకు తెలుసు, మ్యూజియంలో చూశానన్నావు, వాళ్ల ఆరు సమాధులు మిగతావాటికి దూరంగా విడిగా ఉన్నాయని నువ్వే ఫోన్‌లో చెప్పావు. మరి పుస్తకంలోంచి ఎందుకు తీసేశావు? కొత్తగా వచ్చిన ఖైదీల దుప్పట్లు, డబ్బు, తిండి లాక్కుని, కొట్టి చంపిన తోటి ఖైదీలు వాళ్లు. మిగతా ఖైదీలే వాళ్లని పట్టుకుని, విర్జ్ అనుమతితో, ఖైదీల్లోంచే పంచాయితీ పెట్టి విచారించి, 1864 జులై 11న ఆరుగురిని ఉరి తీశారు. అదే సైన్యం, అదే యూనిఫాం. చచ్చినా మా పక్కన పూడ్చొద్దు అన్నారు. బాధపడినవాణ్ణి మంచివాడిగా చూపిస్తేనే పాఠకుడికి జాలి కలుగుతుందని నువ్వు భయపడ్డావు. ఖైదీకి అన్నం పెట్టాల్సింది వాడు మంచివాడనా? ఆ ఆరుగురిలో ఒకడిని నీ కథానాయకుడికి దోస్తుగా పెట్టు. చిన్నప్పటి నుంచి ఒకే ఊరు. చెరలోకి వచ్చిన మొదటి వారంలో ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకున్నారు. అక్కడ నుంచి రాయి. కష్టంగా ఉంటుంది. నాకు కబురు చెయ్, మాట్లాడుకుందాం.

ఎల్మైరా గురించి కూడా ఒక భాగం ఉండి తీరాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాదివాళ్ల చెర. అక్కడ తిండికి కొదవ లేని రాష్ట్రం, చుట్టూ పంటలు. అయినా 1864 జులై నుంచి ఏడాదిలో అక్కడికి వచ్చిన దాదాపు 12,000 మంది దక్షిణాది ఖైదీల్లో దాదాపు 3,000 మంది చనిపోయారు. దక్షిణాదిలో మనవాళ్లని ఆకలి పెడుతున్నారు గనక ఇక్కడా రేషన్ కోయండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లోపల మురికి చెరువు, చలికాలం వచ్చినా గుడారాలే. గోడ బయట మంచెలు కట్టి, టిక్కెట్టు పెట్టి, ఖైదీలని జనానికి చూపించారు. ఆండర్సన్‌విల్ ఒక్కటే రాస్తే నీ పుస్తకం ఒక పక్షం చేతిలో కరపత్రం అవుతుంది, ఎల్మైరా ఒక్కటే రాస్తే ఇంకో పక్షం చేతిలో. అమెరికాలో ఇప్పటికీ ఆ కొట్లాట ఉంది. 1909లో ఆండర్సన్‌విల్ ఊళ్లోనే విర్జ్‌కి స్మారక స్తంభం కట్టారు. మొత్తం మీద రెండు వైపులా కలిపి చెరల్లో పోయినవాళ్లు దాదాపు 56,000, అందులో సుమారు 30,000 ఉత్తరాదివాళ్లు, 26,000 దక్షిణాదివాళ్లు. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో పెట్టు. రెండు చోట్లా కారణాలు ఒకటి కావు, అది కూడా రాయి.

నీ నవల విడుదల రోజుతో ఆగిపోయింది, గేటు తెరిచారు, ఎండ పడింది, అయిపోయింది. అక్కడ ఆపకు. ఆండర్సన్‌విల్ ఆసుపత్రిలో చావుల రిజిస్టరు రాసే పని డోరెన్స్ అట్‌వాటర్ అనే ఖైదీకి ఇచ్చారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఈ జాబితా బయటికి రాదని అనుమానం వచ్చి రహస్యంగా రెండో ప్రతి రాసుకుని, విడుదలైనప్పుడు బట్టల్లో దాచి తెచ్చాడు. 1865 వేసవిలో, యుద్ధంలో గాయపడ్డవాళ్లకి సేవ చేసిన క్లారా బార్టన్‌తో కలిసి మళ్లీ ఆ చోటికి వెళ్లి, ఆ జాబితా పట్టుకుని సమాధులకి పేర్లు పెట్టించాడు. దాదాపు 13,000 సమాధుల్లో పేరు తెలియనివి 460 మాత్రమే మిగిలాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జాబితా ప్రభుత్వానిది, నువ్వు దొంగిలించావని సొంత ప్రభుత్వమే కేసు పెట్టి జైల్లో వేసింది. కొన్నాళ్లకి విడుదలయ్యాడు, 1866లో జాబితా అచ్చయింది. చెరలోంచి వచ్చి మళ్లీ జైలుకి, పేర్లు రాసినందుకు.

ఎల్మైరాలో ఆ పని చేసింది జాన్ జోన్స్. బానిసత్వం నుంచి పారిపోయి 1844లో ఉత్తరాదికి వచ్చినవాడు, ఆ ఊరి శ్మశానంలో కాపరి. తనని బానిసగా ఉంచడానికి పోరాడిన సైన్యపు శవాలు, రోజూ బండ్ల మీద వస్తే, ఒక్కొక్కడి పేరూ, దళమూ, తేదీ రాసి పూడ్చాడు. దాదాపు 3,000 మందిలో పేరు లేని సమాధులు ఏడో ఎనిమిదో. అంత పకడ్బందీగా రాశాడు. తను పారిపోయి వచ్చిన తోటలో మేస్త్రీ కొడుకు శవం కూడా అందులో వచ్చిందని, గుర్తుపట్టి ఇంటికి కబురు పంపాడని చెబుతారు. అమ్మాయీ, నేను నలభై ఏళ్లుగా రాస్తున్నాను, ఇంతకంటే పెద్ద పని ఒక మనిషి కలంతో చేసినట్టు నాకు గుర్తు రావడం లేదు. నీకు ఇరవై ఆరేళ్లు, ఈ మనిషి నీ పుస్తకంలోకి రావాలి, ఒక్క అధ్యాయమైనా.

పేరు రాయకపోతే ఏమవుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. సముద్రం అవతల శ్రీలంకలో 2009 మే నెలలో యుద్ధం చివరి రోజుల్లో సైన్యానికి లొంగిపోయినవాళ్లలో చాలామంది ఏమయ్యారో ఇళ్లవాళ్లకి తెలియదు. తమ చేత్తో అప్పగించామని చెప్పే తల్లులు ఉన్నారు. 2017 ఫిబ్రవరి 20న కిలినొచ్చిలో ఫోటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి కూర్చున్నారు, కొందరు ఆ ఎదురుచూపులోనే పోయారు. రిజిస్టరులో ఒక వరుస, అంతే వాళ్లు అడిగేది.

మన సంగతి కూడా చెప్పనీ. పల్నాటి యుద్ధం అంతర్యుద్ధమే కదా, ఒకే తండ్రి కొడుకులు నలగామరాజు, మలిదేవుడు. కారంపూడిలో వీరుల గుడి దగ్గర ఆ వీరుల ఉత్సవం కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు జరుగుతుంది, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారిగా వెళ్లిన అలరాజుకి విషం పెట్టి చంపిన సంగతికి ఒక రోజు ఉంది. కోడిపందేనికి ఒక రోజు ఉంది. నాగులేటి ఒడ్డున ఈటె కింద పడేసి చేతులెత్తినవాడికి ఒక పూట లేదు. నాగమ్మని బ్రహ్మనాయుడు క్షమించి వదిలేశాడని చెబుతారు, ఆవిడకి పేరుంది గనక ఆ కథ మిగిలింది. మామూలు బంటుని ఏం చేశారు? ఎన్నోసార్లు వెళ్లాను ఆ ఉత్సవానికి, కత్తులకి దణ్ణం పెట్టుకుని, పాట విని, బస్సెక్కి వచ్చేశాను. నీ రాతప్రతి చదివాక మొదటిసారి ఈ ప్రశ్న వచ్చింది నాకు, అందుకు నీకు రుణపడ్డాను.

ఈ ఏడు కార్తీక అమావాస్యకి నువ్వు గుంటూరు నుంచి, నేను బెజవాడ నుంచి బయల్దేరి నరసరావుపేట బస్టాండులో కలుసుకుందాం, అక్కడ నుంచి కారంపూడి బస్సు దొరుకుతుంది. ఆ కథ పాడే వీరవిద్యావంతుల్లో పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు ముఖపరిచయం. చిక్కినవాళ్ల సంగతి పాటలో ఎక్కడైనా ఒక చరణం ఉందేమో వాళ్లనే అడుగుదాం. నోటుబుక్కు తెచ్చుకో, ఫోన్‌లో రికార్డు చేసినా సరే, పేర్లు మాత్రం చేత్తో రాసుకో. ఈలోగా ఆ ఉరి మూడు పేజీలు మళ్లీ రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
విజయవాడ